పాతదైనంత మాత్రాన మినహాయింపు రాదు
యాభై ఏళ్లు దాటిన పిస్తోలుకు ఏ భాగమైనా మార్చుకోవచ్చని మీరు రాసిన వాక్యం కాలిఫోర్నియాలో ఉండే మాలాంటి వాళ్లకు ప్రమాదకరం. ఇక్కడ పాత తుపాకులకు దొరికే సడలింపు, డీలర్లు అమ్మదగిన మోడళ్ల జాబితాకు సంబంధించినది. మార్పుల సంగతి పూర్తిగా వేరు. మ్యాగజైన్ (తూటాల పెట్టె) ఊడదీయగలిగే సెమీ ఆటోమేటిక్ (ప్రతి తూటా పేలాక తర్వాతిది తనే ఎక్కించుకునే) పిస్తోలుకు, సైలెన్సర్ పట్టేలా కొనకు మరలు చెక్కిన బ్యారెల్ (తుపాకీ గొట్టం) ఒక్కటి బిగించినా, శిక్షాస్మృతి 30515వ సెక్షన్ ప్రకారం అది 'అసాల్ట్ వెపన్', అంటే చట్టం నిషేధించిన తరహా ఆయుధం, అవుతుంది. మా పొరుగాయన తండ్రి నుంచి వచ్చిన పిస్తోలుకు అలాంటి బ్యారెలే తెప్పించుకున్నారు. తుపాకులు బాగుచేసే పెద్దాయన ఆ మరల మీద వేలు పెట్టి చూపించి, 'ఇది బిగించను, మీరూ బిగించకండి' అని తిరిగి డబ్బాలో పెట్టేశారు. పిడి చెక్కలు మార్చడం, బ్యారెల్ మార్చడం ఒకటి కావు. దయచేసి ఆ వాక్యాన్ని సరిదిద్దండి.