ఆ ప్లాట్‌ఫారం మనకు పరాయిదా?

ఇక్కడ ఇంగ్లండులో, మన తెలుగు సంఘం ఉగాది సభలో పంచాంగ శ్రవణం అయ్యాక కార్యవర్గం ఒక ఉత్తరం చదివింది. మిల్టన్ కీన్స్ పక్కనున్న న్యూపోర్ట్ పాగ్నెల్ ఊరి రైలు చరిత్రను పోగుచేస్తున్న స్థానికులు, ఆ దారిలోని గ్రేట్ లిన్‌ఫర్డ్ స్టేషను పాత ప్లాట్‌ఫారం మీద పెరిగిన పొదలు కొట్టడానికి ఒక ఆదివారం మన సాయం అడిగారు. "మూతపడ్డ స్టేషనుతో మనకేం పని?" అన్నారెవరో. చప్పట్లు మోగాయి. నాకు మనసు చివుక్కుమంది.

పిల్లల సైకిళ్ల వెనక మనం నడిచే ఆ రెడ్‌వే, అదే నడకకూ సైకిళ్లకూ వేసిన బాట, ఒకప్పటి రైలు దారే. న్యూపోర్ట్‌కు అంతకుముందు పడవల కాలువ ఉండేది. 1864లో దాన్ని మూసి, కొంతదూరం ఆ గర్భంలోనే పట్టాలు పరిచారు. 1867లో వోల్వర్టన్ నుంచి ప్రయాణికుల బండి మొదలైంది. జనం దాన్ని ముద్దుగా 'నాబీ' అన్నారు. వోల్వర్టన్ రైలుపెట్టెల కర్మాగారానికి పనివాళ్లు అందులోనే వెళ్లేవారు. 1963లో రైల్వే నష్టాలు తగ్గించడానికి వచ్చిన బీచింగ్ నివేదిక దేశంలో రెండు వేలకు పైగా స్టేషన్లు మూసేయమంది. మరుసటి ఏడు సెప్టెంబరులో నాబీ ఆగిపోయింది. సరుకుల బండి 1967 దాకా నడిచింది. మిల్టన్ కీన్స్‌ను కొత్త పట్టణంగా ప్రకటించిందీ ఆ ఏడే. న్యూపోర్ట్ స్టేషను ఉన్నచోట ఇప్పుడు ఇళ్లున్నాయి.

మా పక్కింటి పెద్దావిడ ఒకరోజు బిస్కెట్ల డబ్బాలోంచి నాబీ టికెట్టు తీసి చూపించారు. దళసరి అట్టముక్క, అంచున కత్తెర కొరికిన గాటు. వాళ్ల నాన్నగారు కర్మాగారంలో వడ్రంగి. సాయంత్రం బండి కూత వినబడగానే అమ్మ టీకి నీళ్లు పెట్టేదని చెబుతూ, ఆ గాటును వేలితో తడుముతూ ఉండిపోయారు.

మాది ద్రాక్షారామం. రెండో ప్రపంచయుద్ధ కాలంలో కాకినాడ–కోటిపల్లి పట్టాలు పీకి పట్టుకుపోయారు. "రైలు ఇటే పోయేదిరా" అంటూ తాతయ్య కట్ట చూపించేవారు. 2004లో గానీ ఆ దారిన మళ్లీ రైలు రాలేదు. అన్నేళ్లూ మా వాళ్లు దాన్ని మరవలేదు. అలాంటి మనకు ఈ ఊరివాళ్ల బెంగ అర్థం కాకపోవడమేమిటి?

కార్యకర్తలు కొద్దిమందే, నిజమే. తెలుగు బడి, బతుకమ్మ, సంక్రాంతి అన్నీ వాళ్ల భుజాల మీదే నడుస్తున్నాయి. కొత్త బరువు వద్దనడంలో తప్పు లేదు. కానీ ఉత్తరం రాసినవాళ్లు అడిగింది ఒక్క ఆదివారం. మన పండగలకు హాలు అద్దెకు ఇచ్చేది, పులిహోర తిని మెచ్చుకునేది ఈ ఊరే కదా.

ఆ ఉత్తరానికి ఇంకా జవాబు వెళ్లలేదట. వస్తామని రాయండి, దయచేసి. కత్తిరలు, చేతితొడుగులు నేను తెస్తాను. తెలుగు బడి పెద్ద పిల్లల్ని పంపితే, ఆ పెద్దావిడను పిలిచి వాళ్లకు నాబీ కథ చెప్పిస్తాను. ఆవిడ ఒప్పుకున్నారు.