నెంబరు చెప్పని వెయిటింగ్ లిస్టు గారికి

గౌరవనీయులైన వెయిటింగ్ లిస్టు గారికి, తిరుపతి నుంచి నమస్కరించి రాయునది ఏమనగా...

ఇక్కడ మేమందరం క్షేమం. మీరు కూడా క్షేమంగా, అంగుళం కూడా కదలకుండా, ఉన్నచోటే ఉన్నారని తలుస్తాను.

నిన్న మధ్యాహ్నం మూడింటికి, నేను అప్పుడే నడుం వాల్చబోతుంటే, ఓడ కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. జనవరిలో అంటార్కిటికా ప్రయాణంలో కయాక్ అనే సన్నటి తెడ్డు పడవ ఎక్కడానికి మా ఆయనకు సీటు ఖాయమైందట. నాకేమో మీరు ఖాయమయ్యారు.

ఆ ఫారాలు రెండూ నింపింది నేనండీ. కయాక్ అనే మాట మా ఇంట్లో మొదట పలికింది నేను. మా ఆయన కపిలతీర్థంలో మూడో మెట్టు దాటి దిగిన పాపాన పోలేదు. కార్తీక స్నానం కూడా చెంబుతోనే. మరి ఆయన పేరెందుకు ఇచ్చావంటారా? అవి జంట సీట్ల కయాక్‌లు. ముందొకరు, వెనకొకరు. వెనక కూర్చున్న మనిషి కాళ్లతో చుక్కాని తిప్పాలి. తోడు లేకుండా ఎలా అని ఆయన పేరు రాశాను. మీరు తోడును లోపలికి పిలిచి మనిషిని గేటు దగ్గర నిలబెట్టారు. ఇప్పుడు నా సీట్లో ఏ జర్మనీ ఆవిడో కూర్చుంటుంది. ఆవిడ "లెఫ్ట్" అంటే ఈయన "ఆఁ?" అంటాడు.

ఈ ప్రయాణం మా ఆయన భీమరథ శాంతికి మా అమ్మాయి ఇచ్చిన కానుక. డాలస్‌లో ఉంటుంది, వద్దంటే వినదు. ఓడలో బాల్కనీ గది, ఆవిరి స్నానం, పిలిస్తే పలికే బట్లరు. కుబేరుడి అప్పుకు ఇంకా వడ్డీ కడుతున్న దేవుడి ఊళ్లో పుట్టి అంత ఖర్చంటే నాకు నిద్ర పట్టలేదు. ఆ డబ్బుకు రేణిగుంట రోడ్డులో ఎంతో కొంత జాగా వచ్చేది. సరే, పిల్ల మనసు కష్టపెట్టడమెందుకని ఒప్పుకుని, నాకు ఒకే ఒక్క కోరిక ఉందని చెప్పాను. ఆ ఒక్కటీ తీసుకొచ్చి మీ చేతిలో పెట్టారు.

అయినా తిరుపతి మనిషికి కాచుకోవడం కొత్తా? మా ఊళ్లో పేపరు తెరిస్తే వాతావరణం కన్నా ముందు చూసే వార్త ఒకటుంది: కంపార్ట్‌మెంట్లు ఎన్ని నిండాయి, సర్వదర్శనానికి ఎన్ని గంటలు పడుతోంది. బంధువులు ఫోన్ చేస్తే క్షేమసమాచారాల తర్వాత రెండో ప్రశ్న అదే. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకుని రాత్రంతా కూర్చున్నదాన్ని నేను. ఎప్పుడైనా విసుక్కున్నానా? లేదు. ఎందుకంటే ఆ గోడ మీద కంపార్ట్‌మెంటు నెంబరు ఉంటుంది. పాలు వస్తాయి, ఉప్మా వస్తుంది, పక్క కంపార్ట్‌మెంటు తలుపు తీసిన చప్పుడు వస్తుంది. ఆ చప్పుడుకు "గోవిందా" అని అందరూ ఒక్కసారి లేస్తారు. మన వంతు ఇంకా రాలేదని తెలిసి మళ్లీ కూర్చుంటారు. అయినా పర్వాలేదు. ఎక్కడున్నామో తెలుసు కదా.

తలనీలాలు ఇవ్వబోతే టోకెనూ, అర బ్లేడూ చేతిలో పెడతారు. రైలు టికెట్టుకు వెయిటింగ్ 47 అని వస్తుంది. నారాయణాద్రికి 47 అంటే ఏమిటో మాకు తెలుసు: మామూలు రోజుల్లో ఆశ పెట్టుకోవచ్చు, దసరాకైతే బస్టాండుకు పోవాలి. వంద మంది వెనక నిలబెట్టండి, నిలబడతాం. వంద అని చెప్పి నిలబెట్టండి.

మీరు చెప్పరు. నిన్న సాయంత్రం ఫోన్ చేశాను. ముప్పావుగంట పియానో వాయించి వినిపించాక ఒక అమ్మాయి దొరికింది. ఎంత మర్యాదైన పిల్లో! అందుకే ఇంకా మండింది.

"నా నెంబరు ఎంతమ్మా?"

"మీ పేరు లిస్టులో ఉంది మేడమ్."

"ఎన్నోది?"

"అది మారుతూ ఉంటుంది మేడమ్."

"ముందుకా, వెనక్కా?"

"ఆ వివరం మేము చెప్పలేము మేడమ్. ఓడ ఎక్కాక కయాక్ గైడు చూస్తారు."

ఓడ ఎక్కాక! అర్జెంటీనా చివర ఉషుయాయా దాకా విమానాలు మారి మారి పోయి, అక్కడ ఓడ ఎక్కి, డ్రేక్ జలసంధిలో రెండు రోజులు పొట్టలో పేగులు నోట్లోకి తెచ్చుకున్నాక అప్పుడు చూస్తారట. మా ఆయన పాపం ఫోన్ లాక్కుని, నా సీటు ఆవిడకే ఇచ్చేయండని కూడా అడిగాడు. బదిలీ కుదరదన్నారు. దానికి నాకు కోపం లేదు. ఆధార్ చూపించి దర్శనానికి పోయే ఊరు మాది.

పక్కింటి అక్కకు చెప్పుకుంటే ఆమె తడుముకోకుండా అడిగిన మాట: "ఎమ్మెల్యే దగ్గర సిఫారసు లేఖ పని చేయదా?" ఊళ్లో అలవాటు అలాంటిది. అక్కడ మనవాళ్లకు మైత్రి, భారతి అని రెండు స్థావరాలు ఉన్నాయి కదా, వాళ్లతో ఒక మాట చెప్పిద్దామని మా ఆయన. మైత్రి 1989 నుంచి ఉంది నిజమే. కానీ అది మా ఓడ పోయే వైపు కాదు, ఖండానికి ఇంకో పక్క. సిఫారసు కోసం సూళ్లూరుపేటలో మాట్లాడితే అస్సాంలో పని జరుగుతుందా?

మీ వాళ్లకు లెక్కలు రావనుకుందామంటే అదీ కాదు. ఒక రేవులో ఒకేసారి వంద మందికి మించి ఒడ్డుకు దించరు. 500 మంది దాటిన ఓడైతే అసలు ఎవర్నీ దించదు. ఆ ఓడల వాళ్లు 1991లో సంఘం పెట్టుకుని మరీ పాటిస్తున్న నియమాలివి. పెంగ్విన్‌కు ఐదు మీటర్ల దూరంలో ఉండాలి. అదే మనవైపు నడిచొస్తే మనమే వెనక్కి జరగాలి. ఇవన్నీ నాకు బాగా నచ్చాయి. దిగే ముందు బ్యాగుల జేబులు, జాకెట్ల వెల్క్రో వాక్యూమ్‌తో పీల్చి, ఒక్క గడ్డిగింజ కూడా అటు పోకుండా చూస్తారంటే, ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు బోటనీ చెప్పినదాన్ని, చేతులెత్తి దండం పెట్టాను. ఆ మొత్తం ఖండంలో సొంతంగా పుట్టి పూచే మొక్కలు రెండంటే రెండే. ఒకటి గడ్డి, ఇంకోటి దిండులా అల్లుకునే చిన్న మొక్క. వాటి మీదికి మన వయ్యారిభామ పోతే ఏమవుతుందో చిత్తూరు జిల్లా రైతును అడగండి.

నా ఎత్తు అడిగారు, బరువు అడిగారు, చెప్పుల సైజు, మణికట్టు, మెడ చుట్టుకొలత అడిగారు. జాకెట్లు కుట్టే అమ్మాయి కూడా నా మెడ ఇంత శ్రద్ధగా కొలవలేదు. ఒక పెంగ్విన్‌కు నేను ఎన్ని మీటర్ల దూరంలో నిలబడాలో చెప్పగలిగినవాళ్లు, ఒక కయాక్‌కు నేను ఎంతమంది మనుషుల దూరంలో నిలబడ్డానో చెప్పలేరా?

మెడ సంగతి వచ్చింది కాబట్టి చెబుతాను. ఆ నీళ్లు సున్నా డిగ్రీల దగ్గర ఉంటాయి. అందుకని చుక్క నీరు దూరని సూటు వేస్తారు. మెడ దగ్గర, మణికట్ల దగ్గర రబ్బరు పట్టీ బిగుతుగా పడుతుంది. దాని కింద గొలుసు ఉంటే సందు పడి నీళ్లు దిగుతాయి కాబట్టి గొలుసు తీయాలి. పసుపుతాడైనా అంతే. ఈ విషయం మా అత్తగారికి ఇంకా చెప్పలేదు. సీటే రాలేదు కదా, ఇంట్లో యుద్ధం ఇప్పుడే ఎందుకు?

"ఇదివరకు నీటి మీద అనుభవం" అని ఇంకో గడి. తిరుపతిలో! మా స్వర్ణముఖిలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక మీద నడిచి పోవచ్చు. నేను నిజమే రాశాను. 2021 నవంబరు వరదల్లో మా ఇంట్లోకి మోకాళ్ల పైదాకా నీళ్లు వచ్చాయి. ఖాళీ గ్యాస్ సిలిండరు వంటింట్లోంచి తేలుకుంటూ హాల్లోకి వచ్చి, టీవీ స్టాండుకు టంగుమని కొట్టుకుని, మళ్లీ నావైపు తిరిగింది. సోఫా మీద నిలబడి, మాపు కర్రతో ఎడమ ఒక పోటు, కుడి ఒక పోటు వేసి, దాన్ని వాకిలి తగలకుండా వంటింట్లోకి మళ్లించి తలుపు వేశాను. పక్క గదిలో మా ఆయన మంచం మీద కూర్చుని "ఏమే, కరెంటు వచ్చిందా?" అని అడుగుతున్నాడు. మరి ఎవరికండీ అనుభవం ఉన్నది?

అది చాలదేమోనని పోయిన నెల పులికాట్‌కు కూడా పోయాను. భీముని వారి పాలెంలో ఒక పడవాయన్ని బతిమాలి తెడ్డు ఇమ్మన్నాను. "అమ్మా, ఇక్కడ తెడ్డుతో పని లేదు, గడతో నెట్టడమే, నీళ్లు నడుము లోతే" అన్నాడు. గడ వేశాను. గడ బురదలో దిగబడిపోయింది, పడవ ముందుకు పోయింది, నేను మధ్యలో వేలాడాను. మిగతాది మీకు అనవసరం. చీర రెండు ఉతుకుల తర్వాత కూడా చేపల వాసనే.

ఇంత వయసులో ఇంత తంటా ఎందుకని మీరు అడగలేదు. అడిగే మర్యాద మీకుంటే ఈ ఉత్తరమే ఉండేది కాదు. అయినా చెబుతాను. హిమానీనదం నుంచి విరిగిపడిన పాత మంచులో గాలి బుడగలు ఉంటాయి. ఎప్పుడో వందల, వేల ఏళ్ల కిందట కురిసిన మంచు పొరల మధ్య చిక్కుకుని, పైబరువుకు నలిగి నలిగి ఉన్న గాలి అది. ఆ ముక్క సముద్రంలో కరుగుతుంటే ఒక్కొక్క బుడగా పగిలి చిటపటమంటుంది. అచ్చం తాలింపులో ఆవాలు. మోటారు పడవలో పోతే మోటారే వినబడుతుంది. కయాక్‌లో తెడ్డు పైకెత్తి ఊరికే కూర్చుంటే అది వినబడుతుందట. నాకు కావలసింది అదొక్కటే. తిమింగలాలు కనబడినా సరే, లేకపోయినా సరే.

మరి మీరు ఎవరికి ఇచ్చారు ఆ సీటు? ముప్పై ఐదేళ్లు లేతు మిషన్ల మధ్య పనిచేసి రెండు చెవులూ అక్కడే వదిలేసి వచ్చిన మనిషికి. ఉప్పునీళ్లు తగులుతాయి కాబట్టి చెవి మిషన్ గదిలో తీసి పెట్టి పోవాలి. మంచు చప్పుడు వినడానికి వినబడని మనిషి! ఎంత తెలివయ్యా నీది! ఏ ఆఫీసులో కూర్చుని ఏ బటన్ నొక్కితే ఇది తయారైంది? లిస్టువా నువ్వు? లిస్టంటే ఒకటి, రెండు, మూడు అని ఉండాలి. నెంబరు లేనిదాన్ని మా ఊళ్లో లిస్టనరు, తోపులాట అంటారు!

క్షమించండి. మీరు అనే రాస్తాను.

రేపు సీటున్నవాళ్లనైనా తీసుకెళ్తారని నమ్మకం లేదట, పొద్దున లేచి గాలి చూసి గైడు చెబుతాడట. గాలి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. గాలి ఆపితే అందర్నీ ఆపుతుంది, ఒక్క బోటనీ మేడమ్‌నే పక్కకు నిలబెట్టదు.

ఇంకొక సంగతి. అదే సముద్రంలో, 1916 ఏప్రిల్‌లో, ఓడ పోగొట్టుకున్న అంటార్కిటికా అన్వేషకుడు షాకల్టన్ ఎలిఫెంట్ ద్వీపం నుంచి ఐదుగురిని వెంటబెట్టుకుని చిన్న పడవలో సుమారు 1,300 కిలోమీటర్లు పోయాడు, సాయం తేవడానికి. మిగిలినవాళ్లు 22 మంది ఆ రాళ్ల మీద, బోర్లించిన రెండు పడవల కింద, నాలుగు నెలలు కాచుకున్నారు. ఆగస్టు 30న వచ్చి ఇరవై రెండు మందినీ తీసుకుపోయాడు. సీలు మాంసం తిని బతికినవాళ్లకు కూడా తాము ఎంతమందో, ఎవరికోసం కాచుకున్నారో తెలుసు. నేను మీకన్నా షాకల్టన్ వెయిటింగ్ లిస్టులో ఉండటానికే ఇష్టపడతాను.

ఇవాళ మధ్యాహ్నం పులుసుకు తాలింపు వేస్తుంటే మా ఆయన వచ్చి పొయ్యి పక్కన నిలబడ్డాడు. మిషన్ పెట్టుకోలేదు. మూకుడు మీదికి చెవి వంచి, కళ్లు మూసుకుని, "ఇదేనా అమ్మీ, నువ్వు చెప్పిన చప్పుడు?" అన్నాడు. అవునన్నాను. "విని వచ్చి నీకు చెబుతాలే" అని, కాసేపాగి, "ఇంకో చెంచా వెయ్యి, సరిగ్గా అందలేదు" అన్నాడు. వేశాను. పులుసంతా ఆవాలే అయింది. అవి కూడా మీ ఖాతాలోనే రాసుకోండి.

నెంబరు చెప్పండి. నలభై అయినా సరే, నాలుగొందలైనా సరే.

ఇట్లు,
మీ ఎన్నో నెంబరో తెలియని,
తిరుపతి మనిషి

తా.క.: మా ఆయన చెప్పుల సైజు ఫారంలో తప్పు పడింది. తొమ్మిది కాదు, ఎనిమిది. ఆ రబ్బరు బూట్లు వదులైతే ఆయన పాదాలు చల్లబడతాయి. రాత్రంతా నేనే రుద్దాలి.