బర్రె పేరు చివర కూడా తోక కావాలి

రాష్ట్రంలో ఉన్న బర్రెలన్నిటికీ వెంటనే పేర్లు పెట్టాలని, ఆ పేర్ల చివర తోకలు కూడా తగిలించాలని ప్రభుత్వాన్ని డిమాండ్ చేస్తున్నా. నవ్వకండి, సీరియస్‌గానే అంటున్నా. సిటీలో ఏ పెద్ద పెట్ హాస్పిటల్లో ఫైల్ తీసినా బ్రూనో రెడ్డి, స్నోయీ శర్మ, సింబా చౌదరి, ఆఖరికి చిన్నప్పుడే తోక కోయించేసిన డాబర్‌మన్‌కి కూడా పేరులో తోక ఉంది. "బ్రూనో మమ్మీ ఎవరండీ" అని రిసెప్షన్లో అమ్మాయి పిలవగానే మమ్మీ, డాడీ, సూది చూడలేనని ముందే కళ్ళు మూసుకున్న నానమ్మ, అందరూ లేస్తారు, బ్రూనో ఒక్కడే లేవడు, పోయినసారి పార్వో టీకా వాడికింకా గుర్తుంది.

లోపల లేనిదేంటో చెప్పండి. ఎక్స్‌రే, స్కానింగ్, ల్యాబ్, ఆపరేషన్ థియేటర్, పళ్ళు క్లీనింగ్, స్నానం, హెయిర్‌కట్, మనం ఊరెళ్తే వాళ్ళకి హాస్టల్. బిస్కెట్లు మేసి మేసి బలిసిన లాబ్రడార్‌కి డైట్ చార్ట్ రాసిస్తారు, ఆ బిస్కెట్లు పెట్టిన తాతయ్య షుగర్ టెస్ట్ మాత్రం వచ్చే నెల చూద్దాంలే. ఇది తప్పని నేననట్లేదు, నోరులేని జీవికి వైద్యం దొరకాల్సిందే, ఆ డాక్టర్లకి ఓపిక కూడా ఎక్కువే, కరిచినోడిని కూడా గుడ్ బాయ్ అంటారు.

ఇప్పుడు ఊళ్ళో మన బర్రె సంగతి చూద్దాం. అక్కడుండేదీ అదే ఐదున్నరేళ్ళ బీవీఎస్సీ, అంటే పశువైద్యం డిగ్రీ, చదివిన డాక్టరే, కాకపోతే పశువుల ఆస్పత్రి ముందు ఓ ఇనుప చట్రం ఉంటుంది, బర్రెని అందులో ఇరికిస్తే అదే ఓపీ, అదే థియేటర్. మొదటి ప్రశ్న "ఎన్నో ఈత (కాన్పు)?", రెండోది "పూటకి ఎన్ని లీటర్లు?", అంటే జబ్బు కన్నా ముందు జీతం అడుగుతారన్నమాట. పేరు లేదు గానీ చెవికి పసుపు ట్యాగ్ ఉంది, దాని మీద 12 అంకెల నంబర్, మన ఆధార్‌కి ఎన్నో దానికీ అన్నే, గాలికుంటు టీకా వేస్తే ఎక్కించేది ఆ నంబర్ మీదే. 1962కి ఫోన్ చేస్తే ఇంటి దగ్గరికే వ్యాన్ వచ్చే ఏర్పాటు ఉంది, మంచిదే, కానీ ఏ రైతైనా "నేను లక్ష్మీ రెడ్డి డాడీని మాట్లాడుతున్నా" అన్నాడా? "నల్ల బర్రె సార్, మేత ముట్టట్లేదు" అంటాడు. మన దగ్గర నల్లగా లేని బర్రె ఏదండీ, వాళ్ళు మాత్రం ఎట్లా గుర్తుపడతారు?

వీధికుక్కకైతే ఇదీ లేదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, మళ్ళీ పట్టుకోకుండా గుర్తుగా చెవి కొస కాస్త కోసి వదిలేస్తారు, దాని డిశ్చార్జ్ సమ్మరీ అదే.

సమానత్వం కనిపించేది థర్మామీటర్ పెట్టే చోట ఒక్కటే, అక్కడ రెడ్డి, శర్మ, నంబర్ అని తేడా చూడరు.

పాలివ్వడం ఆపేసి సోఫా ఎక్కి కూర్చోండి, మర్యాద అదే వస్తుంది అని బర్రెలకి సలహా ఇద్దామనుకున్నా. కానీ పాలు ఆపేసిన బర్రెని మనవాళ్ళు నేరుగా సంతకి తోలుకెళ్తారు. అక్కడ మాత్రం వచ్చినోడల్లా నోరు తెరిచి పళ్ళు చూస్తాడు, ఫ్రీగా.