ఫాల్స్ సీలింగ్ వేస్తే ఫ్లాట్ రేటు పెరుగుతుందా? బావా బామ్మర్దుల వాదోపవాదం

కూకట్‌పల్లి వైపు ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. మూడో అంతస్తులో 1,250 చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్, తూర్పు గుమ్మం, కట్టి 12 ఏళ్లయింది. బామ్మర్ది దాన్ని అమ్మేసి తెల్లాపూర్‌లో కొత్త ఫ్లాట్‌కి మారాలనుకుంటున్నాడు. ఉన్నదున్నట్టు అమ్మితే 80 లక్షలు వస్తాయి. ఆరు లక్షలు పెట్టి ముస్తాబు చేస్తే 88 లక్షలు పలుకుతుందని అతని లెక్క. బావగారు ఇంజనీరుగా రిటైరై, బ్యాంకులకి ఇళ్ల విలువ కట్టే పని చేస్తున్నారు. ఇద్దరూ కల్పితమే, వాళ్ల లెక్కలు మాత్రం ఈ ఊళ్లో ప్రతి ఆదివారం వినబడేవే. నేను బావగారి పక్షం. అయినా బామ్మర్ది చేత తెలివితక్కువ మాటలు పలికించి గెలిపిస్తే బావగారికి ఏం గొప్ప?

బామ్మర్ది: కొటేషన్ వచ్చింది బావగారూ. హాల్లో ఫాల్స్ సీలింగ్, కిచెన్ మాడ్యులర్, టీవీ యూనిట్, బెడ్‌రూమ్‌లో వాల్‌పేపర్. అన్నీ కలిపి ఆరు లక్షలు. ఎనిమిది తిరిగొస్తాయి.

బావ: ఎనిమిదని ఎవరు చెప్పారు?

బామ్మర్ది: కొటేషన్ ఇచ్చినాయనే.

బావ: ఆయన చెప్పక ఇంకెవరు చెప్తారు! సరే, నీ ఫ్లాట్‌కి రేటు ఎక్కడ పుడుతుందో విను. నీ డాక్యుమెంట్‌లో 42 గజాల అన్‌డివైడెడ్ షేర్, అంటే అపార్ట్‌మెంట్ స్థలంలో నీ వాటా, రాసుంది. అది నేల, ఈ ఏరియాలో గజం రేటు పెరిగిన కొద్దీ అదీ పెరుగుతుంది. దాని మీదున్నది కట్టడం. ఆర్‌సీసీ కట్టడానికి మేం 60 ఏళ్ల ఆయుష్షు వేసుకుని, చివరికి మిగిలే తుక్కు కింద 10 శాతం పక్కన పెట్టి, ఏడాదికి ఒకటిన్నర శాతం తరుగు తీస్తాం. 12 ఏళ్లకి 18 శాతం పోయింది. ఇక చెక్కపని సంగతి. వ్యాపారం చేసేవాళ్ల ఫర్నిచర్‌కి ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లే ఏటా 10 శాతం తరుగు ఒప్పుకుంటారు. నేల పెరుగుతుంది, గోడ మెల్లగా తరుగుతుంది, చెక్క గబగబా తరుగుతుంది. నువ్వు డబ్బు పోస్తానంటున్నది ఆ మూడోదాని మీద.

బామ్మర్ది: మీ బ్యాంకు ఫారం నేనూ చూశాను బావగారూ. మొన్న కొత్త ఫ్లాట్ లోన్‌కి వాల్యుయేషన్ రిపోర్ట్ ఇచ్చారు కదా. అందులో ఫ్లాట్ విలువ కింద వార్డ్‌రోబులు, షోకేసులు, కిచెన్, ఇంటీరియర్ డెకరేషన్ అని వరసగా గళ్లున్నాయి. విలువ లేని వాటికి గళ్లెందుకు కొట్టించారు?

బావ: ఉన్నాయి. కాదనను. పాత ఫ్లాట్ల విషయంలో ఆ గళ్లలో అడ్డగీత గీయడమో, 'ఫ్లాట్ విలువలోనే కలిసి ఉంది' అని రాయడమో చేస్తాం, అదీ సంగతి.

బామ్మర్ది: అంటే విలువ లేదని కాదు, మీరు కట్టడం లేదని.

బావ: ఎందుకు కట్టమో కూడా విను. రేపు అప్పు తీర్చక ఇల్లు వేలానికొస్తే ఆ కబ్బోర్డులకి ఎవడూ వేరే పాట పాడడు. నువ్వు కొనేవాడి వైపు నుంచి చూడు. 75 లక్షలు దాటిన లోన్‌కి రిజర్వ్ బ్యాంకు పెట్టిన హద్దు ఇంటి విలువలో 75 శాతం. చిన్న లోన్లకి 80, 90 శాతం దాకా ఉంది. బ్యాంకు చూసేది అగ్రిమెంట్ రేటూ మా వాల్యుయేషనూ రెండిట్లో ఏది తక్కువైతే అది. రిజిస్ట్రేషన్ ఖర్చు ఆ విలువలో కలపరు. లోన్ 75 లక్షల లోపే తీసుకుంటాడు కాబట్టి నీ కొనేవాడికి 80 శాతం ఇస్తారనుకుందాం. 80 లక్షల ఫ్లాట్‌కి లోన్ 64, చేతి డబ్బు 16, తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి ఏడున్నర శాతం కాబట్టి ఇంకో 6. మొత్తం 22 లక్షలు సొంతంగా తేవాలి. నువ్వు 88 అన్నావనుకో, నేను విలువ 80 అనే రాస్తాను. లోన్ అదే 64. చేతి డబ్బు 24, రిజిస్ట్రేషన్ 6 లక్షల 60 వేలు. 22 తేవాల్సినవాడు 30 దాటి తేవాలి. నీ సీలింగ్ పైసా పైసా అతని జేబులోంచే రావాలి, ఈఎంఐలో కలిసిపోదు.

బామ్మర్ది: లెక్క సగమే చెప్పారు. ఉత్త గోడల ఫ్లాట్ కొన్నాడనుకోండి, కిచెన్, కబ్బోర్డులు వాడూ చేయించుకోవాలి కదా? అవీ చేతి డబ్బుతోనేగా. పైగా పని అయ్యే మూడు నెలలూ ఉన్నచోట అద్దె, ఇక్కడ ఈఎంఐ, రెండూ కట్టాలి. వడ్రంగి ఒకరోజు వస్తే రెండ్రోజులు రాడు. ఆఫీసుకి సెలవు పెట్టి వాడి కోసం కాపలా కూర్చోవాలి, ఆ టెన్షన్ వేరే. నేనిచ్చేది పాలు పొంగించిన రోజునే కాపురం పెట్టుకునే ఇల్లు. ఆ సుఖానికి రేటుండదా?

బావ: ఉంటుంది.

బామ్మర్ది: ఏమన్నారు?

బావ: ఉంటుందన్నాను. కానీ అది 'మనమెలా కావాలనుకున్నామో అలాగే ఉంది' అని కొనేవాళ్లకి అనిపించినప్పుడు. నువ్వేసేది నీకు నచ్చింది కూడా కాదు, కొటేషనాయన దగ్గర మిగిలిపోయిన డిజైను. వచ్చే ఇల్లాలికి ఎర్ర గ్లాసు షట్టర్లు నచ్చవనుకో, అప్పుడు అది ఎనిమిది లక్షల ఆస్తి కాదు. పీకించడానికి అయ్యే కూలీ. ఇంకోటి, కొనేవాళ్లు ఇప్పుడు అమాయకులు కారు. ల్యామినేట్ కింద ఏముందో అడుగుతారు. నీళ్లకి తట్టుకునే ఐఎస్ 710 మెరైన్ ప్లైవుడ్డా, మామూలు ఐఎస్ 303 రకమా, లేక చెక్కపొట్టు అతికించి చేసిన పార్టికల్ బోర్డా? మొన్న మియాపూర్‌లో ఒక ఇల్లు చూశాను. కిచెన్ బయటికి అద్దంలా మెరుస్తోంది. వచ్చినావిడ నేరుగా సింకు దగ్గరికెళ్లి కింద తలుపు తీసింది. పైపు పక్కన బోర్డు నానిన అట్టలా ఉబ్బి, అంచు పట్టీ ఊడి వేలాడుతోంది. మరి హాల్లోకి కూడా రాలేదు, చెప్పులేసుకుంది.

బామ్మర్ది: బిల్డర్లు లక్షలు పోసి మోడల్ ఫ్లాట్ కడతారు కదా, వాళ్లేమన్నా పిచ్చోళ్లా?

బావ: మోడల్ ఫ్లాట్ ఒక్కటి చూపించి 200 ఫ్లాట్లు అమ్ముతారు. ఆ 200లో సీలింగూ ఉండదు, సోఫా ఉండదు. ఖర్చు 200 మంది మీద పడుతుంది. నీకున్నది ఒక్కటే ఫ్లాటు.

బామ్మర్ది: సరే, ఖర్చు సంగతి వదిలేయండి. ఖాళీ ఇల్లు చూపించి చూడండి ఎలా ఉంటుందో. క్యాలెండర్ తీసిన చోట తెల్ల మచ్చ, బీరువా నిలబెట్టిన చోట గీతలు, మాట్లాడితే మోత. పది బై పదకొండు గదిలో ఆరడుగుల మంచం పడుతుందో లేదో జనానికి ఊహకి రాదు. మంచం వేసి చూపిస్తే అడగనే అడగరు. అమెరికా నుంచి వీడియో కాల్‌లో చూసేవాళ్లకైతే ఇంకా ముఖ్యం. అందుకే సోఫా, డైనింగ్ టేబుల్, ఆ పాత పట్టెమంచం అన్నీ ఇంటితో పాటే ఇచ్చేద్దామనుకుంటున్నా. 'ఫర్నిష్డ్' అని రాస్తే...

బావ: ఆగు. పట్టెమంచం ఇచ్చేస్తావా?

బామ్మర్ది: కొత్తింట్లో దానికి చోటెక్కడ?

బావ: అది నీ మంచం కాదోయ్. అత్తయ్యగారు మీ అక్కకి సారెలో పెట్టింది. మా క్వార్టర్స్‌లో పట్టక మీ దగ్గర ఉంచాం.

బామ్మర్ది: 'ఉంచి' ఇరవై ఏళ్లు దాటింది. ఇన్నాళ్లూ చెదలు పట్టకుండా మందు కొట్టించి, వార్నిష్ వేయించింది ఎవరట?

బావ: దానికి అద్దె కట్టమంటావా? నాలుగు కోళ్లూ ఒక్క దుంగలోంచి తీసినవి. నగిషీ చూడు, ఇవాళ అలా చెక్కే వడ్రంగి దొరుకుతాడా? అసలు దాన్ని అమ్మకానికి పెట్టాలన్న ఆలోచన ఎలా వచ్చింది నీకు?

బామ్మర్ది: చూశారా? ఇందాకటి నుంచి చెక్కకి విలువ లేదు, గబగబా తరుగుతుందని చెప్పిన నోరేగా ఇది!

(ఇక్కడ బావగారు కాసేపు ఫ్యాన్ వైపు చూశారు. నా మనిషే అయినా, దెబ్బ దెబ్బే.)

బావ: నాకు విలువ. మీ అక్కకి విలువ. కొనేవాడికి అది గది నిండా ఉన్న అడ్డం. నేను చెప్పేదీ అదే. నీకెంత ఇష్టమో, ఎంత ఖర్చయ్యిందో కొనేవాడి లెక్కలోకి రాదు. ఆదివారం లారీ పంపిస్తాను, మంచం తీసుకెళ్తాను.

బామ్మర్ది: అక్కతో మాట్లాడుకుంటాను లెండి. ఇంకో మాట చెప్తా, మా ఆఫీసులో అందరూ చేసేదే. ఫ్లాట్‌కి 80 లక్షల సేల్ డీడ్, ఇంటీరియర్స్‌కి ఎనిమిది లక్షలని వేరే అగ్రిమెంట్. కొనేవాడికి రిజిస్ట్రేషన్‌లో 60 వేలు మిగులుతాయి. నాకూ అమ్మిన లాభం మీద కట్టే క్యాపిటల్ గెయిన్స్ పన్ను తగ్గుతుంది.

బావ: వేరే అగ్రిమెంట్ రాసుకుంటే తప్పు లేదు, సామాను నిజంగా ఉండి, దాని విలువ నిజంగా అంతై, డబ్బు బ్యాంకు ద్వారా వస్తే. సోఫా, డైనింగ్ టేబుల్ ఎత్తుకుపోయే వస్తువులు, సరే. స్లాబుకి బిగించి పుట్టీ పెట్టిన సీలింగ్ ఎత్తుకుపోయేదా? అందరూ చేసేదన్నావే, అందులో సగం మంది ఆ ఎనిమిదీ నోట్ల కట్టలుగా అడుగుతారు. ఇంటి బేరంలో 20 వేలూ ఆపైన నగదుగా పుచ్చుకోకూడదని 2015 నుంచీ చట్టం ఉంది. పట్టుబడితే పుచ్చుకున్నదంతా జరిమానా. లోన్ మీద కొనే ఉద్యోగస్తుడి దగ్గర ఎనిమిది లక్షల నోట్లు ఎక్కడుంటాయి? ఆ మాట ఎత్తగానే సగం పార్టీలు వెళ్లిపోతాయి.

బామ్మర్ది: పోనీ బిల్లుతోనే చేయిస్తాను. ఇంటికి పెట్టిన ఖర్చు లాభంలోంచి తీసేయొచ్చని ఆడిటర్ చెప్పాడు.

బావ: కట్టడానికి చేసిన మెరుగులకి తీస్తారు, సోఫాకీ కర్టెన్లకీ తీయరు. ఆరు లక్షలూ ఒప్పుకున్నారనే అనుకో. పన్నెండున్నర శాతం పన్ను మీద నీకు మిగిలేది 75 వేలు. 75 వేల కోసం ఆరు లక్షలు ఖర్చు పెడతావా? సరే, అది పక్కన పెట్టు. వాల్‌పేపర్ ఏ గోడకి వేయిద్దామన్నావు?

బామ్మర్ది: చిన్న బెడ్‌రూమ్‌లో. మంచం తలవైపు గోడకి.

బావ: బాత్‌రూమ్ వెనక గోడ అదేగా?

బామ్మర్ది: ...అదే.

బావ: ఇందాక చూశాను. మోకాలెత్తున పెయింట్ పొక్కులు లేచింది. చెయ్యి పెడితే సున్నం పొడి గుప్పెడు రాలింది. దాని మీద కాగితం అంటిస్తే రెండు నెలలు ఆగుతుందేమో, వానాకాలంలో నల్ల మరకలతో బయటికొస్తుంది. ఈలోపే బేరం తెగొచ్చు, కాదనను. కానీ కొనేవాడు మొదటిసారి భార్యతో వస్తాడు, రెండోసారి మామగారితోనో తెలిసిన మేస్త్రీతోనో వస్తాడు. ఆ మేస్త్రీ వాల్‌పేపర్ మీద వేలితో కొట్టి చూస్తాడు. ఒక్క గోడ దగ్గర దొరికితే ఇల్లంతా అనుమానమే. రెండు లక్షలు తగ్గించమంటాడు, లేదా రాడు. ఆ బాత్‌రూమ్ టైల్స్ తీయించి, వాటర్‌ప్రూఫింగ్ చేయించి, పైపు జాయింట్లు మార్పించు. లక్షలోపు పని.

బామ్మర్ది: అది కంటికి కనపడని ఖర్చు బావగారూ. వాటర్‌ప్రూఫింగ్ ఫోటో తీసి పెట్టలేం కదా.

బావ: చెమ్మ లేని గోడ కనపడుతుంది. ఆ తర్వాత ఇల్లంతా లేత రంగు పెయింట్, మిణుకుమనే ట్యూబ్‌లైట్లు మార్చు, ఊగే స్విచ్చులు, కిర్రుమనే తలుపులు బాగు చేయించు. కిచెన్‌లో గట్టు నల్లరాయి బాగానే ఉంది, షట్టర్లు మాత్రం మార్చు. మొత్తం కలిపినా నీ కొటేషన్‌లో సగం దాటదు. అంతకంటే ముందు ఫైలు సర్దుకో. పాత యజమానుల లింక్ డాక్యుమెంట్లు, ఆస్తి మీద తాకట్లేమన్నా ఉంటే చూపించే ఈసీ, ఆస్తిపన్ను రసీదు, అప్రూవ్డ్ ప్లాన్, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అసోసియేషన్ నుంచి బాకీ లేదన్న కాగితం. వచ్చినవాడు మొదట అడిగేది సీలింగ్ గురించా? 'మంజీరా నీళ్లొస్తాయా, ఎండాకాలం ట్యాంకర్ తెప్పిస్తారా' అని. దానికి నీ దగ్గర జవాబుందా?

బామ్మర్ది: వస్తాయి, రోజు విడిచి రోజు. కానీ మీరూ ఒకటి ఒప్పుకోవాలి. పక్క బ్లాక్‌లో రెండు ఫ్లాట్లు ఒకేసారి పెట్టారు, ఒకే సైజు, ఒకే ఫేసింగ్. ముస్తాబు చేసింది నెలలో పోయింది. రెండోది దసరాకి పెట్టింది సంక్రాంతికీ అలాగే ఉంది.

బావ: ఎంతకి పోయింది?

బామ్మర్ది: ...రేటు మామూలే. ఒక యాభై వేలు ఎక్కువేమో.

బావ: నేననేదీ అదే కదా.

బామ్మర్ది: కాదు, నేననేది అది! తెల్లాపూర్ బిల్డర్‌కి నేను మూణ్నెల్లలో డబ్బు కట్టాలి. ఈ ఫ్లాట్ ఆర్నెల్లు అమ్ముడుపోకపోతే వడ్డీ ఎవరు కడతారు? తొందరగా పోవడం కూడా డబ్బే. మీ వాల్యుయేషన్ ఫారంలో దానికి గడి లేదు.

బావ: ...లేదు. ఆ మాట నిజం. తొందరగా పోవడానికి ఖర్చు పెడతానంటే నాకు అభ్యంతరం లేదు. అప్పుడు 88 అని పట్టుబట్టకు. 80 దగ్గరే ఉండు, బేరం తొందరగా తెగుతుంది. అలంకారం చేసి రేటూ పెంచావనుకో, ఆ తొందర కాస్తా పోతుంది.

బామ్మర్ది: సీలింగ్ మానేస్తాను. షట్టర్లు మీరన్నట్టే. మంచం విషయం అక్కని అడుగుతాను.

బావ: అడుగు. ఎలాగూ ఆషాఢంలో ఎవడూ అడ్వాన్స్ ఇవ్వడు, ఆ నెల్లో బాత్‌రూమ్ పని ముగించు. శ్రావణం రాగానే ఫోటోలు పెట్టు.

బామ్మర్ది: ఫోటోలకి కర్టెన్లు మాత్రం కొత్తవి కొంటాను, ఇక మీరేమన్నా సరే.

బావ: కొనుక్కో. కొత్తింటి కిటికీలు కొలుచుకుని కొను, తాళాలిచ్చే రోజు రాడ్లతో సహా విప్పుకుపోవచ్చు.