ఎండిన బోరులోకి సెప్టిక్ ట్యాంకు నీరు: ఆ సందేశంలో ఏది నిజం, ఏది కాదు

పొలం దగ్గర ఇల్లు కట్టుకునేవారి కోసమంటూ ఒక వాట్సాప్ సందేశం మన నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు గ్రూపు నుంచి గ్రూపుకు తిరుగుతోంది. సెప్టిక్ ట్యాంకు నుంచి వచ్చే నీటిని నేలలోకి ఇంకించడానికి కందకాలు, కంకర అంటూ డబ్బు తగలేయవద్దని, ఎండిపోయిన బోరులోకి పైపు వేసి వదిలితే భూమే వడకట్టుకుంటుందని, పైగా భూగర్భజలం పెరుగుతుందని, నెలకోసారి బెల్లం, ఈస్టు కలిపి పోస్తే ట్యాంకు ఖాళీ చేయించే పనే ఉండదని అందులో ఉంది. కల్వకుర్తి దగ్గర ఇల్లు కడుతున్న మా బావమరిది దీనిని నమ్మి పైపు కూడా కొనుక్కొచ్చాడు.

భూమి వడకడుతుందన్న మాట అబద్ధం కాదు, కానీ వడకట్టేది భూమిలో ఏ భాగమో ఆ సందేశం రాసినవారికి తెలియదు. ట్యాంకు చేసే పని బరువైన మలినాన్ని అడుగున మడ్డిగా, తేలికైనదాన్ని పైన తెట్టుగా వేరుచేయడం వరకే. మధ్యలోంచి బయటికి వెళ్లే నీరు చూపుకు కొంత తేటగా ఉన్నా రోగక్రిములు అందులో నిండుగానే ఉంటాయి. ఆ క్రిములు చాలావరకు చచ్చేది పైనున్న మట్టిలో, గాలి ఆడే పొరలో, నీరు నెమ్మదిగా జారుతూ రేణువులను పట్టుకుని దిగినప్పుడు. బోరు ఆ పొరను పూర్తిగా దాటవేస్తుంది.

మన దగ్గర పైన చల్కా, అంటే ఎర్ర ఇసుక నేల, దాని కింద మొరం, ఆ కింద గట్టి రాయి. బోరు వేసినప్పుడు కేసింగ్ పైపును రాయి తగిలేవరకే దింపుతారు. అక్కడి నుంచి కిందికి ఉండేది ఉట్టి రంధ్రం, దానికి అక్కడక్కడ తగిలే పగుళ్లు. నీరు ఉండేదీ, నడిచేదీ ఆ పగుళ్లలోనే. బోరు ఎండిందంటే పగులులో నీటిమట్టం పడిపోయిందని అర్థం, పగులు మూసుకుపోయిందని కాదు. రెండు మంచి వానాకాలాలు పడితే అదే బోరులోకి నీరు మళ్లీ ఎక్కడం మనం చూసినదే. ఇక మనం వదిలిన మురుగు ఆ పగులు వెంట ఎవరి బోరుకు చేరుతుందో పైన నిలబడి చెప్పగలిగినవారు లేరు. మన నల్లగొండ నీటిలోని ఫ్లోరైడు రాతి నుంచి వచ్చిన శాపం. ఈ మురుగును మాత్రం మనమే పైపు వేసి పంపిస్తున్నాం.

భూగర్భజలం పెరుగుతుందన్న మాటకు లెక్క చాలు. ఐదుగురున్న ఇంట్లో మనిషికి 80 లీటర్ల చొప్పున రోజుకు 400 లీటర్లు. ఒక మోస్తరు పొలం మోటారు దీనిని కొద్ది నిమిషాల్లో తోడేస్తుంది. ఎండిన బోరును నింపడానికి వాడేది వాననీరు, అదీ ఇసుక, కంకర వేసిన గుంతలో వడపోసి. సందేశం ఆ పద్ధతిని మురుగుకు అంటగట్టింది.

"మిషన్ భగీరథ కుళాయి నీళ్లు వస్తున్నాయి, బోరు నీళ్లు ఎవరు తాగుతారు?" అని కూడా అందులో ఉంది. నాట్లకు వచ్చిన కూలీలు తాగుతారు, పశువులు తాగుతాయి.

అసలు వివాదం ఖర్చు గురించి కనుక బావమరిది స్థలంలో మేము చేసింది చెబుతాను. బోరుకు 60 అడుగులకు పైగా దూరంలో, కందకం ఎంత లోతు అనుకున్నామో అంత లోతున, అంటే మూడు అడుగులకు, ఒక చిన్న గుంత తవ్వి, అడుగున కాస్త కంకర వేసి, రాత్రంతా నీటితో నానబెట్టాము. తెల్లవారి మళ్లీ నీరు పోసి, అడ్డంగా కట్టె పెట్టి, దాని మీంచి స్టీలు స్కేలుతో కొలిస్తే అరగంటలో 30 మిల్లీమీటర్లు దిగింది. అంటే 25 మిల్లీమీటర్లకు 25 నిమిషాలు. సెప్టిక్ ట్యాంకుల భారతీయ ప్రమాణం ఐఎస్ 2470 ప్రకారం 204ను ఆ నిమిషాల వర్గమూలంతో, అంటే 5తో, భాగించాలి: చదరపు మీటరు నేల రోజుకు సుమారు 41 లీటర్లు ఇంకించుకోగలదు. 400 లీటర్లకు పది చదరపు మీటర్ల అడుగు భాగం కావాలి. రెండడుగుల వెడల్పుతో ముప్పై అడుగుల కందకాలు రెండు సరిపోయాయి. జేసీబీ ఒక పూట పని, రెండు ట్రాలీల కంకర, రంధ్రాల పైపు, మట్టి దిగకుండా కంకర మీద పరిచిన గోనెసంచులు, అంతే ఖర్చు.

నల్లరేగడిలో ఇది కుదరదు. అలాంటి గుంతలో 25 మిల్లీమీటర్లు దిగడానికి గంట దాటితే ఆ నేల ఇంకుడుకు పనికిరాదు. అక్కడ వేరే పద్ధతి చూసుకోవాలి గానీ బోరు వైపు చూడకూడదు. చల్కాలో కందకం చక్కగా పనిచేసినా నైట్రేటు కొంత కిందికి దిగుతుందని ఒప్పుకోవాలి. తాగే నీటిలో దాని పరిమితి లీటరుకు 45 మిల్లీగ్రాములు, మరిగిస్తే అది పోదు. 60 అడుగుల దూరం పాటించమనేది అందుకు కూడా.

బెల్లం, ఈస్టు సంగతి రెండు మాటల్లో తేలుతుంది. కావలసిన క్రిములు మలంతోనే వస్తాయి, మడ్డిని మాయం చేసే పొడి ఏదీ లేదు. రెండు మూడేళ్లకోసారి యంత్రం ఉన్న ట్యాంకరును పిలిచి తీయించకపోతే మడ్డి పొంగి కందకంలోని కంకరను పూడ్చేస్తుంది. మనిషిని మాత్రం లోపలికి దింపకూడదు; రక్షణ పరికరాలు లేకుండా దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది, లోపలి విషవాయువు నిమిషాల్లో ప్రాణం తీస్తుంది.

బావమరిది కొన్న పైపు గోడకు ఆనించి ఉంది. ఎండిన బోరు కేసింగ్ మీద ఇనుప రేకు పెట్టి వెల్డింగ్ చేయించాడు.