సవరణ: గోల్డ్ వింగ్ వెనక టైరు మీది 77హెచ్

హోండా గోల్డ్ వింగ్ మోటార్‌సైకిల్ టైర్ల గురించి మొన్న రాసినదాంట్లో ఒక తప్పు దొర్లింది. వెనక టైరు పక్కన 200/55ఆర్16 అనే సైజు తర్వాత 77హెచ్ అని ఉంటుంది. అందులో హెచ్ అంటే 'హెవీ లోడ్' అని రాశాను. కాదు. హెచ్ వేగానికి గుర్తు: గంటకు 210 కిలోమీటర్ల వరకు. బరువు చెప్పేది 77 అంకె, అంటే 412 కిలోలు. ఏ అంకె ఉన్న టైరు ఎంత బరువు మోస్తుందో చెప్పే, టైరు కంపెనీలన్నీ వాడే లోడ్ ఇండెక్స్ పట్టిక చూసి సరిచేస్తున్నాను. పొరపాటు నాదే.

హెచ్ ఉంది కదా అని 73 అంకె ఉన్నది తీసుకుంటే అది మోసేది 365 కిలోలే. వెనక మనిషిని ఎక్కించుకుని, పెట్టెల నిండా సామాను వేసుకుని వెళ్లే బండికి ఆ 47 కిలోలు చాలా ముఖ్యం. నా మాట మీద ఇప్పటికే కొన్నవాళ్లు దయచేసి ఒకసారి వంగి ఆ అంకె చూసుకోండి. 77 కంటే తక్కువుంటే దూరప్రయాణం పెట్టుకోకుండా మొదట ఆ వెనక టైరు మార్పించండి.