పాలు మానేస్తే పిల్లల తెలివి తగ్గుతుందా? ఆ వాట్సాప్ మెసేజ్‌కు నా జవాబు

వారం రోజుల్లో ఒకే మెసేజ్ నాకు ఐదుగురు పంపారు. మా కాలేజీ స్టాఫ్ గ్రూపులో ఒకరు, గుంటూరు బ్రాడీపేటలో మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఇద్దరు, విజయవాడ నుంచి మా ఆడపడుచు, ఇంకా పాత స్టూడెంట్ ఒకమ్మాయి. ఆ అమ్మాయికి ఇప్పుడు ఐదో నెల, పాలు, గుడ్డు తీసుకోదు. "మేడమ్, ఇది నిజమేనా? టెన్షన్‌గా ఉంది" అని అడిగింది. ఈ జవాబు ముందుగా ఆమె కోసమే రాస్తున్నాను.

వీగన్ అంటే మాంసం, చేప, గుడ్డుతో పాటు పాలు, పెరుగు, నెయ్యి కూడా ముట్టనివాళ్లు. మెసేజ్ వాళ్ల గురించే. "వీగన్ పిల్లల బుర్ర ఎదగదు, సైన్స్ తేల్చేసింది" అని మొదలవుతుంది. అందులో ఉన్నవి ఇవి: బ్రిటన్‌లో కొలిస్తే వీగన్ల ఐక్యూ 95కి పడిపోయింది. కెన్యాలో మాంసం పెట్టిన పిల్లలే తెలివైనవాళ్లయ్యారు. మెదడంతా కొవ్వే కాబట్టి పాలు, నెయ్యి లేకపోతే పెరగదు. విటమిన్ బీ12 మాత్రలు కృత్రిమం, ఒంటికి పట్టవు. పాలు, మాంసం తినే పిల్లలకు ఏ లోటూ రాదు. చివర్లో "మీ పిల్లలకు ఐఐటీ సీటు కావాలంటే ఈ పిచ్చి మానండి" అని ఒక ముక్క. మన గుంటూరు, విజయవాడల్లో ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ కోర్సులో చేర్చే తల్లిదండ్రులకు ఆ ఒక్క ముక్క చాలు, నిద్ర పట్టదు.

దాని కింద ఒకాయన జవాబు పెట్టారు: "చద్దన్నం తింటే బీ12 దానంతటదే వస్తుంది, ఏ మాత్రా అక్కర్లేదు." చాలామంది దండాలు, చప్పట్లు పెట్టారు. నాకు మెసేజ్ కంటే ఆ జవాబుకే ఎక్కువ భయం వేసింది. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

నేను ఇంటర్ పిల్లలకు 22 ఏళ్లుగా జువాలజీ చెబుతున్నాను. వీగన్‌ని కాదు, మా ఇంట్లో పాలు, పెరుగు రోజూ ఉంటాయి. ఎవరి తరఫునా వకాల్తా పుచ్చుకోవడం లేదు.

ముందు ఆ బ్రిటన్ లెక్క. 1970 ఏప్రిల్‌లో ఒకే వారంలో అక్కడ పుట్టిన పిల్లల్ని దశాబ్దాల పాటు గమనిస్తూ వచ్చారు. వాళ్లకు పదేళ్లప్పుడు ఐక్యూ కొలిచారు. ముప్పై ఏళ్లప్పుడు "మీరు శాకాహారులా?" అని అడిగారు. ఆ ఫలితాలు 2006లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. మొత్తం 8,170 మందిలో శాకాహారులమని చెప్పినవాళ్లు 366 మంది, వాళ్లలో వీగన్లు తొమ్మిది మంది. అవును, తొమ్మిది మందే. ఆ తొమ్మిది మంది సగటు 95. ఒక బడి ఆటోలో పట్టేంత మంది పిల్లల్ని చూసి ఊరందరి తెలివీ తేల్చినట్టుంది ఇది.

అంతకంటే పెద్ద తప్పు ఇంకోటి ఉంది. ఐక్యూ కొలిచింది పదేళ్లప్పుడు, తిండి గురించి అడిగింది ముప్పై ఏళ్లప్పుడు. పెద్దయ్యాక ఎంచుకున్న తిండి చిన్నప్పటి మార్కుల్ని ఎలా తగ్గిస్తుంది? ఆ పరిశోధన చూసింది అసలు వేరే సంగతి: చిన్నప్పుడు ఐక్యూ ఎక్కువున్నవాళ్లు పెద్దయ్యాక ఎలాంటి తిండి ఎంచుకుంటారు అని. మొత్తం శాకాహారుల సగటు మిగతావాళ్ల కంటే సుమారు 5 పాయింట్లు ఎక్కువే వచ్చింది. "శాకాహారులే తెలివైనవాళ్లు" అని మనవాళ్లు కొందరు ఇదే కాగితాన్ని తిప్పారు. అదీ తప్పే, సరిగ్గా ఇదే కారణంతో.

కెన్యా సంగతి వేరు. అది గట్టి పరిశోధనే. అందుకే దాన్ని పూర్తిగా చెప్పాలి. ఎంబు ప్రాంతంలో 12 బడులు. అక్కడి పిల్లల తిండి మొక్కజొన్న, చిక్కుడు గింజలు కలిపి ఉడికించే గితేరి. మన ఊళ్లో రోజూ పప్పన్నం అనుకోండి, కాకపోతే కూర లేదు, పచ్చడి లేదు, మజ్జిగ లేదు. ఒక గుంపుకి గితేరిలో మాంసం కలిపారు. ఒక గుంపుకి పాలు ఇచ్చారు. ఇంకో గుంపుకి అదే గితేరి, అదనంగా నూనె. నాలుగో గుంపుకి ఏమీ ఇవ్వలేదు. రెండేళ్లు చూశారు. బొమ్మల వరుస చూసి తర్వాతి బొమ్మ ఏదో చెప్పే పరీక్షలో మాంసం తిన్న పిల్లలు ముందున్నారు. ఇక్కడిదాకా మెసేజ్ చెప్పింది నిజమే.

చెప్పనిది ఇది. అదే పరీక్షలో పాలు తాగిన పిల్లలు ఏమీ ఇవ్వనివాళ్ల కంటే మెరుగ్గా ఏమీ లేరు. లెక్కల్లో మాంసం గుంపుతో పాటు ఉత్త నూనె కలిపిన గుంపు కూడా బాగుపడింది. అంటే ఆ పిల్లలు కడుపునిండా తినడం లేదు, ఇనుము, జింక్, బీ12 అన్నీ తక్కువే. ఆకలి తీరినా మార్పు కనిపించింది. ఆ పరిశోధకుల్లో ఒకరైన లిండ్సే ఆలెన్ 2005లో వాషింగ్టన్ సదస్సులో చిన్నపిల్లల్ని వీగన్లుగా పెంచడం నైతికం కాదన్నారు. పేపర్లకెక్కింది ఆ మాట. ఆమె ఆందోళన ఉత్తది కాదు. కానీ ఆ మాటను పట్టుకుని మన గుంటూరు లక్ష్మీపురంలో పప్పు, నువ్వులు, వేరుశెనగ, సోయా తింటూ బీ12 చుక్కలు వేసుకునే పిల్లవాడికీ కెన్యాలో గితేరి మీద బతికే పిల్లవాడికీ ఒకే తీర్పు ఇవ్వకూడదు.

మెదడు కొవ్వు గురించి ఎక్కువ అక్కర్లేదు. నీటిని పక్కనబెడితే మెదడులో సగానికి పైగా కొవ్వే, నిజం. కానీ మెదడుకు కావాల్సిన కొలెస్ట్రాల్ మెదడే తయారుచేసుకుంటుంది, మనం తిన్న నెయ్యిలోది అక్కడికి వెళ్లి పేరుకోదు. రెండేళ్ల లోపు పిల్లలకు కొవ్వు బాగా కావాలి. అది నువ్వుల నూనె, వేరుశెనగ ముద్ద, కొబ్బరి నుంచి కూడా వస్తుంది. డీహెచ్ఏ అనే ఒక్క కొవ్వు మాత్రం మొక్కల తిండిలో దొరకదు. అవిసె గింజల నుంచి మన ఒళ్లు దాన్ని కొద్దిగానే చేసుకుంటుంది. అయితే చేపకు కూడా అది ఎక్కువగా నీటిలోని సూక్ష్మమైన నాచు నుంచే చేరుతుంది. ఆ నాచు నుంచి తీసిన డీహెచ్ఏ ఇప్పుడు మందుల షాపుల్లో దొరుకుతోంది.

ఇక బీ12, మొక్కల తిండిలో దొరకని విటమిన్. ఇక్కడ మెసేజ్ రాసినవాళ్లూ తప్పే, చద్దన్నం పెద్దాయనా తప్పే, ఇద్దరి మధ్యలో నలిగిపోయేది పసిబిడ్డ.

మా చెల్లెలి కూతురు విజయవాడ మొగల్రాజపురంలో ఉంటుంది. పుట్టుకతో శాకాహారి. కడుపుతో ఉన్నప్పుడు పాల వాసనకే వాంతులయ్యేవి, తర్వాత ఆవుల వీడియోలు చూసి మనసు విరిగి పెరుగు కూడా మానేసింది. ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు క్రమం తప్పకుండా వేసుకుంది. పాలు మానేసిన సంగతి చెకప్‌లో ఎవరూ అడగలేదు, తనూ చెప్పలేదు. బాబు పుట్టాడు. ఐదో నెలలో బోర్లా పడ్డాడు, గట్టిగా నవ్వాడు, ఆ వీడియో మా అందరి ఫోన్లలో ఉంది.

ఎనిమిదో నెలలో సంక్రాంతికి మా ఇంటికొచ్చారు. ముఖం ముందు గిలక్కాయ ఊపాను. చూడలేదు. ఇటువైపు ఊపాను. చూడలేదు. చెవుడేమో అనుకుని గుండె జారిపోయింది. ఎత్తుకుంటే మెడ ఒక పక్కకు వాలిపోతోంది. బోర్లా పడటం మర్చిపోయాడు. జుట్టు పలచబడి రాగి రంగులోకి తిరిగింది. చేతి వేళ్ల కణుపులు సిరా పులిమినట్టు నల్లగా ఉన్నాయి. "ఎండకు నల్లబడ్డాడులే అక్కా" అంది మా చెల్లెలు. పుష్య మాసంలో ఎండేమిటి?

కొత్తపేటలో పిల్లల డాక్టరు వాడి కణుపులు చూశారు. బాబుని ఇంకా పూర్తిగా పరీక్ష చేయకముందే మా అమ్మాయి వైపు తిరిగి, "అమ్మా, మీరు పాలు తాగుతారా?" అని అడిగారు. నాకు ఆ ప్రశ్న అప్పుడు అర్థం కాలేదు. తల్లికీ బిడ్డకీ రక్తపరీక్ష చేయిస్తే ఇద్దరిలోనూ బీ12 బాగా తక్కువ. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. నాలుగో రోజు వాడు గిలక్కాయ వెంట కళ్లు తిప్పాడు. మా అమ్మాయి వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది, "నేనే చేశాను పెద్దమ్మా" అని. బాబుకి కొన్ని వారాలు చేతులు వణికాయి, అది తగ్గింది. పద్దెనిమిదో నెలకు గానీ నడవలేదు.

ఇది కొత్త జబ్బు కాదు. 1962లోనే వెల్లూరు సీఎంసీ ఆస్పత్రి డాక్టర్లు ఇలాంటి పసివాళ్ల గురించి లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. శాకాహారులైన తల్లుల పాలు తాగుతున్న పిల్లలు, మందకొడితనం, నల్లబడ్డ చర్మం, నేర్చింది మర్చిపోవడం, బీ12 ఇస్తే కోలుకోవడం. నరాల పైపొర సరిగ్గా ఏర్పడటానికి బీ12 కావాలి. తల్లిలో లేకపోతే తల్లిపాలలో ఉండదు. ఫోలిక్ యాసిడ్ రక్తం మీద కనిపించే లక్షణాల్ని కప్పేస్తుంది, నరాల నష్టం మాత్రం లోలోపల జరిగిపోతూనే ఉంటుంది.

చద్దన్నం మంచిదే, మా ఇంట్లోనూ తింటాం. కానీ బిడ్డ మెదడును నమ్మి అప్పగించేంత బీ12 అందులో లేదు. స్పిరులినాలో ఉన్నదానిలో ఎక్కువ భాగం మన ఒంటికి పనికిరాని నకలు బీ12. మన పేగుల్లో బ్యాక్టీరియా దాన్ని తయారుచేస్తుందనేది నిజమే, కానీ అది తయారయ్యే చోటు పెద్దపేగు, మనం పీల్చుకునే చోటు దానికంటే ముందున్న చిన్నపేగు చివర.

"మాత్రలు కృత్రిమం, పట్టవు" అన్న మాటకు కూడా జవాబు ఇక్కడే ఉంది. బీ12ని ఆవూ తయారుచేయదు, కోడీ తయారుచేయదు, బ్యాక్టీరియానే చేస్తుంది. ఆవు పొట్టలోని బ్యాక్టీరియా చేసింది పాలలోకి వస్తుంది. ట్యాంకుల్లో పెంచిన బ్యాక్టీరియా చేసింది మాత్రలోకి వస్తుంది. ఫారం కోళ్ల మేతలో బీ12 కలుపుతారు, ఆ కోడిని తినేవాళ్లు తెలియకుండా అదే మాత్ర వేసుకుంటున్నట్టు. రోజుకు రెండు మైక్రోగ్రాముల చిల్లర చాలు కదా, మాత్ర మీద 500, 1000 అని ఎందుకుంటుంది అని అడుగుతారు. ఒకేసారి ఎక్కువ వేసుకున్నప్పుడు అందులో కొద్ది భాగమే లోపలికి వెళ్తుంది, అందుకని. ఆ కొద్ది భాగమే సరిపోతుంది.

తెలివికి సంబంధించి నేను చదివినవాటిలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది నెదర్లాండ్స్ పరిశోధన, 2000లో వచ్చింది. మాక్రోబయోటిక్ అనే పద్ధతిలో ఆరేళ్ల దాకా జంతు ఆహారం దాదాపు లేకుండా పెరిగి, తర్వాత పాలు, మాంసం మొదలుపెట్టిన 48 మంది టీనేజ్ పిల్లల్ని పరీక్షించారు. వాళ్లలో బీ12 ఇంకా తక్కువగా ఉన్నవాళ్లు ఆలోచన, జ్ఞాపకశక్తి పరీక్షల్లో వెనకబడ్డారు. చిన్న గుంపే. అయినా ఇది చెప్పే మాట స్పష్టం: వెనకబాటు బీ12 వెంట నడిచింది. మెసేజ్ రాసినవాళ్లు దీన్ని ప్రస్తావించి ఉంటే కాస్త గౌరవించేదాన్ని.

చివరి మాట, పాలు, మాంసం తింటే ఏ లోటూ రాదన్నది. మన ఆంధ్రప్రదేశ్‌లో పూర్తి శాకాహారులు నూటికి ఇద్దరు కూడా ఉండరు. అయినా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019-21 లెక్కల్లో, ఆర్నెల్ల నుంచి ఐదేళ్ల లోపు మన పిల్లల్లో 63.2 శాతం మందికి రక్తహీనత. ఆదివారం కోడికూరలో రెండు ముక్కలు తిన్న పిల్లవాడికి వారమంతా సరిపడా ఇనుము రాదు. ఇంకో సంగతి, మా అపార్ట్‌మెంట్‌లోనే మూడేళ్ల పాప రోజుకు నాలుగు గ్లాసుల పాలు తాగి అన్నం ముట్టదు. పాలలో ఇనుము దాదాపు లేదు, పైగా తిన్నదాంట్లోని ఇనుము పట్టకుండా అడ్డుపడతాయి. వాళ్లమ్మ "పాలన్నా తాగుతోంది కదా ఆంటీ" అని ధైర్యంగా ఉంది. దేశం మొత్తం మీద 2016-18లో జరిగిన పిల్లల పోషకాహార సర్వేలో, 10 నుంచి 19 ఏళ్లవాళ్లలో 31 శాతం మందికి బీ12 తక్కువ. వాళ్లంతా వీగన్లా? నీళ్లలాంటి మజ్జిగ ఒక గ్లాసు తాగి "మేం పాడి తింటాం" అనుకునే ఇళ్లు మనలో ఎన్ని లేవు!

మెసేజ్‌లో లేని ప్రమాదం ఒకటి చెప్పాలి. ప్రకృతి జీవనం అంటూ పాలు మానేసే ఇళ్లలో చాలామంది మామూలు ఉప్పు తీసేసి సైంధవ లవణం వాడుతున్నారు. అయోడైజ్డ్ ఉప్పులో కలిపేంత అయోడిన్ అందులో ఉండదు. పాలూ, గుడ్డూ, చేపా మానేసినవాళ్లకు అయోడిన్ వచ్చే ముఖ్యమైన దారి అయోడైజ్డ్ ఉప్పే. అయోడిన్ తీవ్రంగా తక్కువైన ప్రాంతాల పిల్లల ఐక్యూ 13 పాయింట్ల దాకా తక్కువున్నట్టు పరిశోధనలు చూపించాయి. తెలివి గురించి భయపడేవాళ్లు ముందు ఉప్పు డబ్బా చూసుకోవాలి.

వీగన్ పెంపకంలో ఏ ఇబ్బందీ లేదని నేను అనను. పోలండ్‌లో 5 నుంచి 10 ఏళ్ల పిల్లల్ని చూసిన 2021 పరిశోధనలో వీగన్ పిల్లలు సుమారు 3 సెంటీమీటర్లు పొట్టిగా ఉన్నారు, ఎముకల్లో ఖనిజం తక్కువగా ఉంది. రాగి జావ, నువ్వులు రోజూ పెట్టాలి, బరువు, ఎత్తు రాసుకుంటూ ఉండాలి. పసిపిల్లలకు బాదం పాలు, ఓట్స్ పాలు తల్లిపాలకు బదులు ఎప్పుడూ కావు. బెల్జియంలో అలాంటి పాల మీదే పెంచిన ఏడు నెలల బాబు 2014లో చనిపోయాడు.

కాబట్టి ఆ అమ్మాయికి నా జవాబు: పాలు తాగాలా వద్దా అన్నది నీ ఇష్టం తల్లీ, బీ12 లాంటివి సరిగ్గా అందుతుంటే పాలు మానినంత మాత్రాన నీ బిడ్డ తెలివికి ముప్పేమీ లేదు. కానీ వచ్చే చెకప్‌లో వాళ్లు అడగకపోయినా "నేను పాలు, గుడ్డు తీసుకోవడం లేదు, బీ12 పరీక్ష రాయండి" అని నువ్వే చెప్పు. మాత్ర ఎంత, ఎన్నాళ్లు అనేది డాక్టరు చెప్పినట్టే. పాలిచ్చినన్నాళ్లూ ఆపొద్దు. బిడ్డకు ఆరో నెల వచ్చాక వేయాల్సిన బీ12 చుక్కల గురించి అడుగు. బిడ్డ నవ్వడం తగ్గించినా, నేర్చింది మర్చిపోయినా, కణుపులు నల్లబడినా "పళ్లు వస్తున్నాయేమో" అని ఆగకు, ఆ రోజే తీసుకెళ్లు.

మా చెల్లెలి కూతురు ఇప్పుడు రెండోసారి కడుపుతో ఉంది. ఈసారి మూడో నెలలోనే బీ12 చూపించుకుంది. పాలు మాత్రం ఇప్పటికీ తాగడం లేదు.